కుళాయి దగ్గర పెట్టిన గవ్వ

వాక్కునిచ్చిన తల్లికీ, ఆ వాక్కు జారిన వేళ ఓర్చుకొన్న తల్లికీ నమస్కరించి, మార్గశిర బహుళ పంచమి నాడు, భవానీపూర్‌లో మా అమ్మాయి ఇంట కూర్చొని, మనవరాలి కళాశాల జట్టు పొరుగూరి బాస్కెట్‌బాల్ పోటీలో ఓడి వచ్చిన మూడవనాడు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము ఈ కలకత్తాలోనే, ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవాళ్లం. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడి ఓడరేవులో పనికి కుదిరినవాడు. ఓడ అంచున నిలబడి, పైనున్న క్రేను నడిపేవానికి చేతి సైగలతో దారి చూపడం ఆయన పని. ఆ రొదలో మాట వినబడదు. చెయ్యి ఒక్కటే భాష. ఎప్పుడైనా బరువు జారి పడితే వారిలో ఒక ఆచారం ఉండేదట. అందరూ ఎక్కడివారక్కడ కదలక నిలిచేవారు. సైగ చేసినవాడు అందరికంటే ముందు చెయ్యెత్తి, తాను చేసిన సైగను మళ్లీ చేసి చూపేవాడు. తక్కినవారిని అడగడం ఆ తరువాతనే. ఈ సంగతిని తాతయ్య అన్నం తింటూ మాకు కథలాగా చెప్పేవాడు. అది కథ కాదని నాకు తెలిసే రోజు ఒకటి వచ్చింది.

మా పిన్ని, పక్కింటి అక్క ఒకే కళాశాలలో చదువుతూ ఒకే జట్టులో ఆడేవారు. తక్కినవారంతా బెంగాలీ అమ్మాయిలు. ఆట నడుమ వీరిద్దరూ ఒకరినొకరు వంటింటి మాటలతో పిలుచుకొనేవారు. ‘ఉప్పు’ అంటే బంతి ఎడమకు, ‘పులుపు’ అంటే కుడికి, ‘పోపు’ అంటే ఎదుటివారి బుట్ట క్రిందికి పొడవుగా విసరడం. కలకత్తాలో ఏ జట్టుకూ ఆ మాటలు అంతుపట్టేవి కావు. పిన్ని నోట ‘పోపు’ అన్న కేక వెలువడీ వెలువడకముందే అక్క గాలిలోకి లేచేది. ఆ ఇద్దరి స్నేహం ఎంతటిదంటే, రెండిళ్ల నడిమి గోడలో ఒక ఇటుకను ఊడదీసి, ఆ సందు గుండా పుస్తకాలూ పచ్చడి గిన్నెలూ అందించుకొనేవారు. ఇంట్లో పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకొన్నారు.

ఆ ఏడు వారి జట్టు ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడి కళాశాలతో ఆడవలసి వచ్చింది. గెలిస్తే తుది పోటీ. ఆడపిల్లలు అంత దూరం రైలులో పోవడానికి తాతయ్య ఒక షరతు మీద ఒప్పుకొన్నాడు. నేను వెంట ఉండాలి. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

“ఏటి నాన్నా, ఈ గుంట నాకు కాపలావా, నాను దీనికి కాపలావా?” అని పిన్ని నవ్వింది. పక్కింటి అక్క మాత్రం నవ్వక, తన ఎర్ర రిబ్బను విప్పి నా జడకు కట్టింది. జనంలో తప్పిపోతే దూరం నుండి కనబడాలని.

మొదటి సగమంతా మా జట్టుదే. ఉప్పనీ పులుపనీ కేకలు వేస్తూ ఇద్దరూ ఆ ఆవరణను తమ వంటిల్లు చేసుకొన్నారు. విరామంలో, ఆ ఊళ్లోనే కాపురమున్న అక్క మేనత్త కారియరు పట్టుకొని కంచె దగ్గరకు వచ్చింది. అక్క వెళ్లి ఆమెతో మాట్లాడుతూ నిలబడింది. ఆ కంచెను ఆనుకొనే ఎదుటి జట్టువారి బల్ల ఉన్నది. పిన్ని చెమట తుడుచుకొంటూ అటు ఒకసారి చూసింది.

నాకు దాహమై కుళాయి దగ్గరకు వెళ్లాను. ఎదుటి జట్టులో ఇంకా ఆటకు దిగని రెండు జడల అమ్మాయి ఒకతె అక్కడ మొహం కడుక్కొంటున్నది.

“ఏటే గుంటా, కలకత్తా నుండొచ్చినావా?” అన్నది, అచ్చం మా ఇంటి మాటలాగా.

ఆ ఊరు రైల్వే పనులకు వచ్చిన మనవారితో నిండిన ఊరని నాకప్పుడు తెలియదు. పరాయి జట్టు బట్టల్లో ఉన్న మనిషి నోట మా యాస వినేసరికి నాకు ఆనందం పట్టలేదు. ఆమె తన జామకాయను కొరికి సగం నా చేతిలో పెట్టింది.

“మీవోలు ఉప్పూ పులుపూ అని ఒకటే అరుపులు. ఆకలేస్తందేటి పాపం, కూడెట్టలేదా?” అని నవ్వింది.

మా జట్టును ఎగతాళి చేస్తే నేనూరుకొంటానా? పౌరుషం పొడుచుకొని వచ్చింది. “ఆకలి కాదు, ఏటి కాదు. ఉప్పంటే ఎడం పక్క” అని మొదలుపెట్టి మూడు మాటల అర్థమూ విప్పి చెప్పాను. ఆమె నవ్వు ఆపి శ్రద్ధగా విన్నది. అంత పెద్ద పిల్ల నా మాట అంత శ్రద్ధగా విన్నదని నేను పొంగిపోయాను.

రెండవ సగంలో పిన్ని ‘ఉప్పు’ అనగానే ఎడమవైపు ఇద్దరు కాచుకొని ఉండేవారు. ‘పులుపు’ అనగానే కుడివైపు చేతుల గోడ లేచేది. పిన్నికి ఏమీ పాలుపోక గొంతు ఇంకా పెంచింది. ఆ గొంతే వారికి దారి చూపింది. చివరికి ‘పోపు’ అన్న కేకకు గాలిలోకి లేచినది మా అక్క కాదు, అప్పుడే ఆటకు దిగిన రెండు జడల అమ్మాయి. బంతిని పట్టుకొని నేల మీదికి దిగుతూ ఆమె నా వైపు చూసి కన్ను గీటింది. అప్పుడు నాకు అర్థమైంది. తక్కిన ఆట నేను చూడలేదు. తల వంచుకొని, రిబ్బను కొసను నోట కరచుకొని కూర్చొన్నాను. మా జట్టు ఓడిపోయింది.

తిరుగు రైలులో ఓటమికి కారణాలు వెదకడం మొదలైంది. నేల గరుకన్నది ఒకతె. బంతిలో గాలి ఎక్కువన్నది ఇంకొకతె. రిఫరీ ఆ ఊరివాడే అన్నది మరొకతె. ఆ వంటింటి మాటల గుట్టు వారికి ఎవరు చెప్పారన్న ప్రశ్న రాగానే జట్టు నాయకురాలు మెల్లగా, “ఓర్ పిషీర్ బాడీ తో ఓఖానేయ్” అన్నది. దాని మేనత్త ఇల్లు అక్కడే కదా, అని. పిన్ని కిటికీ వైపు చూస్తూ, అక్కతో కాదు, నాయకురాలితో, అదీ బెంగాలీలో, “ఆమియో దేఖేఛి” అన్నది. నేనూ చూశాను, అని.

అక్క పిన్ని మొహం వంక చాలాసేపు చూసింది. తరువాత మేనత్త ఇచ్చిన కారియరు తీసుకొని, మూత విప్పకుండానే, వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. హౌరా వచ్చేదాకా అక్కడే ఉన్నది.

నేను పిన్ని ఒడిలో తల పెట్టుకొని కళ్లు మూసుకొని ఉన్నాను. నిద్ర కాదు. చెప్పవలసిన ఒక్క మాట నాలుక కొసనే ఉన్నది. కుళాయి దగ్గర అడగకనే అన్నీ చెప్పిన నోరు, చెప్పి తీరవలసిన చోట పెగలలేదు.

మరునాడు అక్క జట్టు మానుకొన్నది. గోడలోని ఇటుక ఆ వైపు నుండి మళ్లీ బిగిసింది.

నాలుగవనాడు ఆదివారం. ఇంట ఉన్న తాతయ్య, పిన్ని అన్నం సరిగా తినకపోవడం చూసి సంగతి అడిగాడు. అంతా విన్నాడు. సుద్దముక్క తెమ్మని నేల మీద ఆట ఆవరణ గీయించాడు. మా జట్టుకు అయిదు చింతపిక్కలు, ఎదుటివారికి గుండీలు.

“మొదట గెలిసినోలు తరవాత ఓడినారు. అయితే మజ్జిన ఏటో అయింది. మజ్జిన ఎవులెక్కడున్నారో పెట్టు.”

పిన్ని అన్నిటికంటే ముందు ఒక చింతపిక్కను తీసి కంచె దగ్గర టక్కున పెట్టింది. “అదిగో, అది అక్కడ.”

“సరే. దాని సంగతి తరవాత. నువ్వెక్కడ?”

పిన్ని తడబడి, తన పిక్కను తమ జట్టు బల్ల మీద పెట్టింది. పిక్కలూ గుండీలూ ఒక్కొక్కటే తమ చోట్లకు చేరాయి. తాతయ్య ఆ గీతల వైపు కొంతసేపు చూసి, గూటిలోని గవ్వ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు.

“ఇది నువ్వు. నీ గవ్వ నువ్వే ఎట్టమ్మా.”

నా సంగతి అంతవరకు ఎవరికీ తోచలేదు. గవ్వను కుళాయి దగ్గర పెట్టాను. తాతయ్య కోపపడలేదు. “అక్కడ ఇంకెవులైనా ఉన్నారేటి?” అని మాత్రం అడిగాడు. నేను ఒక గుండీని తీసి నా గవ్వ ప్రక్కన పెట్టి భోరున ఏడ్చాను.

పిన్ని ముఖం పాలిపోయింది. తాతయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకొని, నా చెయ్యి పట్టుకొని పక్కింటికి నడిచాడు. అక్క ఉతికి ఆరవేసిన జట్టు బట్టలను తిరిగి ఇచ్చివేయడానికి మడత పెడుతున్నది. తాతయ్య గడప అవతలే నిలిచి, రేవులో ఎత్తినట్లే కుడిచెయ్యి పైకెత్తాడు.

“తొలీత నా సెయ్యి లేవాల. ఈ గుంటని కాపలాకి పంపినోన్ని నాను.”

తరువాత నేను చెప్పాను. అక్క అంతా విని, నన్ను దగ్గరకు తీసుకొని, చెదిరిన నా జడను సరిచేసింది.

“నువ్వు సెప్పినావని నాకు బాద లేదే. సిన్న గుంటవి, ఎవులడిగినా సెప్తావు. అది నన్ను ఒక్కపాలి అడగనేదు. అడిగుంటే సాలును.”

మా వెనుకనే వచ్చి తలుపు చాటున నిలబడిన పిన్ని ఇవతలకు వచ్చింది. “రేపు ఆటకి రాయే” అన్నది.

“ఒద్దే. ఇంక నువ్వు ఉప్పని కేకేస్తే నాకు ఉప్పే గుర్తొస్తాది” అన్నది అక్క. గొంతులో కోపమేమీ లేదు. అందుచేతనే ఆ మాట అంత బరువుగా పడింది.

ఆ తరువాత కొన్నాళ్లకే వాళ్లు ఇల్లు మారిపోయారు. పిన్ని ఆ ఇటుకను రెండుసార్లు కదిపి చూడటం నేనెరుగుదును. ముసలితనంలో కూడా ఎవరైనా “పోపు వెయ్యవే” అంటే, ఆమె గరిటె పట్టిన చెయ్యి ఒక క్షణం ఆగేది. ఆ క్షణానికి మూలం నేనేనా, పిన్నియేనా అని ఎన్నో ఏళ్లు తర్కించుకొన్నాను. ఆట పోయింది నా మాట వల్ల. అక్క పోయింది పిన్ని మాట వల్ల, నా మౌనం వల్ల. పిన్ని మాటా, నా మౌనమూ, ఆ రెంటిలో పెద్దది ఏదో ఇప్పటికీ తూచలేను.

మూడు రోజులుగా మా మనవరాలు ఫోనులో ఆ ఓడిన ఆటను వెనక్కీ ముందుకూ త్రిప్పి చూస్తున్నది. జట్టువారంతా కలిసి ఒక పిల్లను పట్టుకొన్నారు. చివరి బంతి ఆ పిల్ల చేతి నుండి జారిందట. నేను ఇన్నేళ్లూ దాచుకొన్న ఆ గవ్వను తీసి దాని ముందుంచి, “అప్పుడు నువ్వెక్కడున్నావే?” అని అడిగాను.

“నేను వీడియోలో లేను అమ్మమ్మా. కెమెరా బాల్ వెనకే ఉంది కదా.”

“కెమెరా సంగతి కాదు. నువ్వెక్కడున్నావు?”

అది ఫోను బోర్లించి, గవ్వను వేళ్ల మధ్య త్రిప్పుతూ, “ఆ పిల్ల నా వైపే చూసింది. నేను అప్పటికే నడుస్తున్నాను, పరుగెత్తడం మానేశాను” అన్నది. దానికి తెలుగు చదవడం రాదు. కనుక ఈ వ్రాసినదంతా దానికి చదివి వినిపించాను. ఏ ఓటమి విన్నా నా కళ్లకు మొదట కనబడేది ఆ సుద్దగీతల ప్రక్కన గవ్వ పట్టుకొన్న నా చెయ్యి. నేను ఈనాటికీ మోస్తున్నది అదే.

మార్గశిర బహుళ సప్తమి. ఈ ఉదయం మనవరాలు షాలిమార్ దగ్గరనున్న ఆ పిల్ల ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల ఇంట లేదు. వాకిట గంటసేపు కూర్చొని తిరిగి వచ్చింది. రేపు మళ్లీ వెళ్తానన్నది. గవ్వను నాకు తిరిగి ఇవ్వలేదు, నేను అడగలేదు.