పెనం కనిపించే బల్ల

మా పెద్దమ్మ జోజమ్మ బెజవాడ ప్రయాణానికి ఊళ్ళో చెప్పిన కారణం గుణదల మేరీమాత. అసలు కారణం దోసె. ఇది డెబ్బైల నాటి సంగతి. పామర్రు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉండి నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. వరి కోతలకు రెండ్రోజుల ముందు ఆ చేలల్లోనే మినుము చల్లుతారు. పంట ఇంటికొచ్చాక పెదనాన్న బస్తాలు బెజవాడ వన్ టౌన్ కొట్లకు తోలుకెళ్ళేవాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి కాఫీ హోటల్లో పెద్దమ్మ కోసం మరిచిపోకుండా దోసె పార్సిల్ కట్టించేవాడు. అరిటాకులో చుట్టి, పైన న్యూస్‌పేపరు వేసి, దారంతో బిగించిన ఆ పొట్లం బస్సులో చెమటపట్టి, ఇల్లు చేరేసరికి తడి జేబురుమాలులా ఉండేది. పెద్దమ్మ ఏ వంకా పెట్టకుండా తినేది.

ఆ ఏడు మాత్రం పొట్లం విప్పి, దోసెను రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది. "కరకరలాడుద్దంటారు మీ పెదనాన్న. ఏం కరకరలాడుద్దే ఇందులో?" అంది. ఇంట్లో అట్లు పోస్తే పెదనాన్నకీ, ముగ్గురు కొడుకులకీ, నాకూ ఒకటొకటిగా వడ్డించి, చివర్న గిన్నె అడుగున మిగిలిన పిండితో తనకోసం ఒక మందపాటి అట్టు పోసుకునేది. అప్పటికి పొయ్యిలో నిప్పు కూడా సగం ఆరిపోయేది. "పొయ్యి దగ్గరున్నవాళ్ళకి పొగే గానీ వేడి అట్టు దొరకదే. ఒక్కసారి నేను కూర్చుని ఉండగా ఇంకోళ్ళు పోసి పెడితే తినాలని ఉంది," అంది. నవ్వుతూనే అంది, కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎప్పుడో మొక్కిన మొక్కు ఒకటి ఉండనే ఉంది. గుణదల తిరునాళ్ళ రద్దీ తగ్గాక ఒక బుధవారం ఇద్దరం బయల్దేరాం.

పామర్రులో ఏడు గంటల బస్సు ఎక్కాం. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. ఉయ్యూరు వచ్చేసరికి చెరకు వాసన, కంకిపాడు దాటాక కాలవ గాలి. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని రోడ్డు పక్క కళ్ళాల్లో ఎవరి మినుము ఎలా పండిందో నాకు చెబుతూనే ఉంది. గుణదల కొండ మీద కొవ్వొత్తులు వెలిగించి మొక్కు తీర్చుకున్నాం. పెద్దమ్మ ప్రార్థన ఎప్పటికన్నా పొట్టిగా ముగిసింది. మేరీమాతకు విషయం ముందే తెలిసి ఉంటుందని నేనూ ఊరుకున్నాను.

దిగువన రిక్షా మాట్లాడబోతే రిక్షా అతను రూపాయిన్నర అడిగాడు. "వన్ టౌన్ దాకా ఎందుకమ్మా, ఇక్కడే బోలెడు హోటళ్ళున్నాయిగా," అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. పార్సిల్ ఎక్కడినుంచి వచ్చేదో ఆ హోటలే కావాలి. రైలు పట్టాలు దాటి లోపలికి వెళ్ళేకొద్దీ తోపుడు బండ్లు, గోతాలు, ఎండుమిరప ఘాటు. ఒక చోట రిక్షా ఆగిపోతే దిగి నడిచాం. పప్పుల కొట్ల వరస చివర్న, పెదనాన్న చెప్పిన గుర్తుల ప్రకారమే, పాలరాతి బల్లల హోటలు కనిపించింది. లోపల ఇద్దరు సర్వర్లు వంటగది వైపు తిరిగి ఆర్డర్లు అరుస్తున్నారు. హాలు నిండా గుమాస్తాలూ, దళారులూ. ఆడమనిషి ఒక్కరూ లేరు.

మేం గడప దాటీ దాటగానే ఒక సర్వరు ఎదురొచ్చి, "ఫ్యామిలీ రూము ఇటండీ," అంటూ చాలా మర్యాదగా వెనక్కి తీసుకెళ్ళాడు. సన్నటి నడవా, చెక్క గది, దానికి ఆకుపచ్చ కర్టెను. లోపల ఫ్యాను తిరుగుతోంది, బల్ల శుభ్రంగా ఉంది. నాకు హాయిగానే అనిపించింది. రెండు సాదా దోసెలు చెప్పాం. కర్టెను అవతల ఎవరెవరివో వస్తున్నాయి, వెళుతున్నాయి, మావి మాత్రం రావడం లేదు. చివరికి వచ్చాయి. పెద్దమ్మ చెయ్యి కడుక్కుని, శిలువ గుర్తు వేసుకుని, అంచు తుంచింది. తుంచడం కాదు, సాగదీసింది. "ఇది మీ పెదనాన్న తెచ్చేదేనే," అంది. ఆ గొంతులో దిగులు విని నాకు నిజంగా కష్టమనిపించింది. కొండెక్కి దిగి, ఇంత దూరం వచ్చి, మళ్ళీ అదే పొట్లం.

సర్వరుని పిలిచి, మావి ఎందుకిలా చల్లారి వచ్చాయని అడిగాను. అతను దాచకుండా చెప్పాడు. "హాలు చూసుకుని చివర్న ఇటొస్తామండీ. లేడీస్ నిదానంగా తింటారు కదాని." తప్పు చేస్తున్నామన్న ఆలోచనే అతని ముఖంలో లేదు. పెద్దమ్మ లేచి, కొంగు సర్దుకుని, కర్టెను పక్కకు లాగి నేరుగా హాల్లోకి నడిచింది. వంటగది గోడలో పెద్ద కిటికీ ఉంది. దాని అవతలే పెనం. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడింది. కాఫీ తాగుతున్నవాళ్ళ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. నాకైతే చట్నీ గిన్నెలో దూరిపోదామా అనిపించింది.

గల్లా దగ్గర్నుంచి ప్రొప్రయిటరు లేచి వచ్చాడు. నడివయసు మనిషి, నుదుట కుంకుమ బొట్టు. "అమ్మా, ఇక్కడంతా మగవాళ్ళండీ. మీకు ఇబ్బందని లోపల కూర్చోబెట్టాం," అన్నాడు.

"నాకేం ఇబ్బంది బాబూ. ఇంట్లోనూ మగాళ్ళ మధ్యే ఉంటా. కాకపోతే అక్కడ వాళ్ళు కూర్చుంటారు, నేను నిలబడతా. ఇక్కడ నేనూ కూర్చుందామని."

ఆయన ఒక క్షణం ఆమెనే చూశాడు. పొమ్మంటాడేమో అనుకున్నాను. ఆయన సర్వరు భుజం మీది గుడ్డ లాక్కుని, ఆ బల్ల తనే తుడిచి, "కూర్చోండమ్మా," అన్నాడు.

మళ్ళీ రెండు దోసెలు చెప్పాం. ఇక పెద్దమ్మ ప్రశ్నలకు అంతు లేదు. కిటికీ అవతల దోసెలు పోసే మాస్టరు పెనం మీద నీళ్ళు చిలకరించి పొట్టి చీపురుకట్టతో తుడిచేసరికి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "చీపురా?"

"పెనానికేనమ్మా, ఇది నేల ముట్టదు," అన్నాడు మాస్టరు నవ్వుతూ.

"మేం ఉల్లిపాయ ముక్కతో రుద్దుతాం."

"మీవి పది అట్లండీ. నేను పొద్దుణ్ణుంచీ పోస్తూనే ఉన్నాను. ఉల్లిపాయతో రుద్దితే కూరకి మిగలవు."

పెద్దమ్మకు ఆ జవాబు నచ్చింది. పిండిలో మినప్పప్పు పాళ్ళెంత, ఎంతసేపు నానాలి అని ఆరా తీస్తోంది. అప్పుడే ఒక లావుపాటి పెద్దమనిషి వచ్చి మా ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాడు. చేతి నిండా ఉంగరాలు. పప్పుల కొట్టు యజమాని అని పలకరింపులను బట్టి అర్థమైంది. కిటికీలోంచి దోసెలు బయటికి రాగానే ఆయన అలవాటుగా చెయ్యి చాచాడు.

"మీకన్నా ముందు అమ్మగారొచ్చారండీ," అన్నాడు సర్వరు.

"ఓహో, అలాగా," అని ఆయన మళ్ళీ పేపరు చూసుకున్నాడు. అంతే. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. పెద్దమ్మ దోసె వైపు చూడ్డం మానేసి ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. నేను మోచేత్తో పొడిస్తే గానీ పళ్ళెం ముట్టలేదు. అంచు విరిచింది. చప్పుడు నాకు వినిపించింది. కళ్ళు మూసుకుని నమిలింది. తర్వాత, "ఇంకోటి చెప్పవే," అంది. ఆ రోజు ఆమె ముఖం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో, ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదా అని అంత బాధా వేసింది.

మూడు గంటల బస్సుకి తిరిగొచ్చాం. దోసె ఎలా ఉందని పెదనాన్న అడిగితే, "మీరిన్నాళ్ళూ మోసుకొచ్చింది దోసె కాదండీ," అని మాత్రం అంది. అసలు సంగతి ఆదివారం గుడి నుంచి వచ్చాక తెలిసింది. మొదటి అట్టు పెదనాన్నకు వేసింది. రెండోదానికి పెద్దన్నయ్య పళ్ళెం చాచాడు. పెద్దమ్మ దాన్ని తన పళ్ళెంలో వేసుకుని, పెనం పొయ్యి మీంచి దించి, పీట వాల్చుకుని కూర్చుంది. "నా తర్వాత నువ్వు. వరసలో ఉండు," అంది. అన్నయ్య పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న నమలడం ఆపాడు. కాసేపటికి తన ముందున్న చట్నీ గిన్నె ఆమె వైపు జరిపాడు.

తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా హోటళ్ళలో తిన్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందు వంటగది ఎటుందో చూసుకుని అటే కూర్చుంటాను. ఆ హోటలు ఇప్పుడు లేదు. అక్కడి కాఫీ రుచి కూడా గుర్తు లేదు. గుడ్డ లాక్కుని బల్ల తుడిచిన ఆ మనిషి మాత్రం బాగా గుర్తు. బెజవాడ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగల సలహా ఒక్కటే. దోసె పార్సిల్ కట్టించకండి. ఎవరికోసం కట్టించాలనుకున్నారో వాళ్ళనే వెంట తీసుకెళ్ళండి.