తలైవర్ పెట్టిన పొట్లం

టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి. నిన్న బంటింగ్ ఊళ్ళో నా ఉద్యోగానికే ఎసరొచ్చింది.

మా మలేసియా న్యూస్ పోర్టల్ తరఫున ఒక పార్టీ డివిజన్ శాఖ ఎన్నిక కవర్ సేయడానికి ఎళ్ళినాను. ఫోన్‌తో లైవ్ తీసేది మా బావ, మేనత్త కొడుకు. ప్రెసిడెంట్ పదవికి నిలబడ్డ పెద్దమనిషిని అందరూ తమిళంలో తలైవర్, అంటే నాయకుడు, అని పిలుస్తారు. ఊరంతా ఆయన బ్యానర్లే. క్లాంగ్ నుంచి బస్సుల నిండా జనం. ఈ ఖర్చంతా ఎవరు పెడుతున్నారో అడక్కుండా ఆఫీసుకి రావద్దన్నాడు మా ఎడిటర్.

అడిగినాను. తమిళంలో, మర్యాదగానే అడిగినాను. ఆయన బల్ల మీద ఒక్క గుద్దు గుద్దినాడు. మైకు ఎగిరి కింద పడింది. తమిళంలో మొదలెట్టి, మలాయ్‌లో తిట్టి, ఇంగ్లీషులో ముగించినాడు.

భయమేస్తే నా నోరు ఆగదు కదా. పైగా మనోళ్ళకి ఉన్న అలవాటే, నలుగురిలో గుట్టుగా ఏదైనా అనాలంటే తెలుగులో అనేస్తాం, ఇక్కడ ఎవడికి తెలుస్తాదిలే అని. బావ వైపు తిరిగినాను.

"ఈ ముసలోడికి ఇంత కోపమేటి బావా? ఎవుడి డబ్బో నొక్కేసినట్టే ఉన్నాడు. మొకం చూడు, ఉడకబెట్టిన పీతలాగుంది."

తలైవర్ టక్కున ఆగిపోయినాడు. వేలితో నన్ను రమ్మన్నాడు. యేసయ్యా, ఈ ఒక్కసారికి కాపాడు అనుకుంటూ ఎళ్ళినాను. నాకే తెలీకుండా రెండు చేతులూ జోడించేసినాను.

ఆయన నా వైపు వంగి, మన యాసలోనే మెల్లగా అన్నాడు. "ఏ ఊరు పిల్లా మీది? మాది బాగన్ దాతుక్, మేమూ తెలుగోళ్ళమే. మా యమ్మ పోయినాక నన్ను తెలుగులో తిట్టినోళ్ళు లేరు."

కళ్ళు తుడుచుకున్నాడు. నా తల మీద చెయ్యి పెట్టినాడు. బల్ల మీదున్న వడల పొట్లం నా చేతిలో కుక్కి, మీ బావా నువ్వూ తినండి అన్నాడు. నేనడిగిన ప్రశ్న ఆయనా మర్చిపోయినాడు, నేనూ మర్చిపోయినాను. బతుకు జీవుడా అని బయటపడినాం.

కారు క్లాంగ్ దాటకముందే ఎడిటర్ ఫోన్. లైవ్ ఆగలేదంట. నేను తిట్టడం మొదలెట్టగానే, నన్ను కాపాడదామని మా బావ మహానుభావుడు సౌండ్ మ్యూట్ సేసినాడు. వీడియో మాత్రం వదిలేసినాడు. ఇంకేటి, జనం చూసింది ఇది: ఖర్చెవరిదని అడిగిన రిపోర్టరు దండం పెట్టింది, తలైవర్ దీవించినాడు, కాగితం పొట్లం చేతిలో పెట్టినాడు, ఆమె పట్టుకుని పరుగెత్తింది. కామెంట్ల నిండా ఒకటే మాట, ఈవిడకెంత ముట్టింది?

"ఉద్యోగం ఉండాలంటే ఆ పొట్లం ఇప్పుడే తీసుకురా లా. లైవ్‌లో విప్పి చూపిద్దాం" అన్నాడు ఎడిటర్, మాట చివర మా మలేసియా 'లా' తగిలించి.

ఒళ్ళోకి చూసుకున్నాను. నూనె మరకల కాగితం తప్ప ఏటీ లేదు. భయం తగ్గుతాదని దారి పొడుగునా ఒక్కొక్కటీ నమిలేసినాను, బావకి ఒక్కటి కూడా పెట్టకుండా. లంచం తిన్నావా అంటే లేదని ఒట్టేస్తాను గానీ, సాక్ష్యం తిన్నావా అంటే ఏం చెప్పను లా?