గంజి పెట్టిన నోటు

పోయిన నెల సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, ఇంటికి సున్నమేపిస్తున్న. మీ చిన్నబాపు నోట్ల పుస్తకం నువ్వు తీస్కపో. నాకాడుంటె ఆగమైతది" అంది. నేను కోరుట్లలో బడిపంతులమ్మను. ఆదివారం పూట బస్సెక్కి, వేములవాడ దాకా తలనిండా జుట్టున్నవాళ్లతోనూ, అక్కణ్నుంచి రాజన్నకు మొక్కు చెల్లించిన నున్నటి గుండ్లతోనూ కలిసి ప్రయాణం చేసి, ఎండ ముదిరేసరికి ఆమె వాకిట్లో దిగాను. ఇల్లంతా తలకిందులుగా ఉంది. మంచం మీద గిన్నెలు, గిన్నెల మీద పరుపులు. ఆ గందరగోళం మధ్య చిన్నమ్మ ఒక రేకుపెట్టె తెరిచి, ఎర్ర అట్ట పుస్తకం తీసి, కొంగుతో తుడిచి నా ఒళ్లో పెట్టింది. చిన్నబాపు పోయి పన్నెండేళ్లయింది. ఆ పన్నెండేళ్లలో దాన్ని ఎవరూ తెరవలేదు.

చిన్నబాపు అంటే మా నాన్న తమ్ముడు. సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మా వైపు సాంచెలనే అంటారు. రోజంతా ఆ చప్పుడులో ఉండీ ఉండీ చెవులు సగం పోయాయి, కాబట్టి ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరి దాకా వినిపించేది. ఒక్క ఈ పుస్తకం తెరిచినప్పుడు మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోయేది. అందులో ఉన్నవి కరీబియన్ దీవుల కాగితం నోట్లు, ఇంచుమించు వందేళ్ల కిందటివి. ట్రినిడాడ్, జమైకా, బార్బడోస్, వాటి పక్కనే సముద్రపు ఒడ్డున ఉన్న గయానా. సిరిసిల్లలో కూర్చుని ఆ నోట్లేమిటని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. దుబాయిలో పనిచేసొచ్చిన ఒక దోస్తు, అక్కడ ఓడ పనివాడెవరో ఇచ్చాడని ఒక పాత ట్రినిడాడ్ నోటు తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. అదేం దేశమని గ్రంథాలయంలో వెతికితే, తెల్లవాళ్లు మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించి అక్కడి చెరుకు తోటలకు తీసుకుపోయారని, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారని తెలిసింది. అంతే, ఆయనకు పిచ్చి పట్టుకుంది.

కొనడానికి డబ్బులెక్కడివి? మా తాత దాచిన నిజాం కాలపు నోట్లు కొన్ని ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా బొంబాయిలో ఒక వ్యాపారికి రిజిస్టర్ పోస్టులో పంపి, బదులుగా ఈ దీవుల నోట్లు తెప్పించుకునేవాడు. ఆఖరి నిజాం నోటు పంపినప్పుడు వచ్చింది బ్రిటిష్ గయానా డాలరు. ఒక పక్క ఒంటికంటే ముక్కే పెద్దదిగా ఉన్న పిట్ట, ఇంకో పక్క జలపాతం. "ఇంట్ల లక్ష్మిని సాగదోలి ముక్కుపిట్టను తెచ్చుకున్నడు" అని చిన్నమ్మ వాడకట్టంతా చెప్పింది. వాడకట్టు కూడా ఊరుకోలేదు, ఆయనకు చెల్లని నోట్లాయన అని పేరు పెట్టింది. ఆయనకు మాత్రం నోట్లన్నింటిలోకీ ఆ పిట్ట నోటే ప్రాణం. అది మాసి, మడతల దగ్గర పలచబడి, పాత చేతిరుమాలులా మెత్తగా వేళ్ల మీద వాలిపోయేది. "సూడు బిడ్డా, ఎన్ని చేతులు వట్టుకుంటె గిట్ల మెత్తగయిందో. చెరుకు కొట్టిన చేతులు. అందుల మనోళ్లయి గూడ ఉండొచ్చు" అనేవాడు. నాకు ఆ పిట్టే ముద్దుగా అనిపించేది. ఆయనకు ఆ మెత్తదనం కావాలి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు, జగిత్యాలలో పాత నోట్ల ప్రదర్శన పెడుతున్నామని ఆయనకు ఉత్తరం వచ్చింది. ఒక నోటు తెచ్చుకోవచ్చు, పక్కన పేరు రాసిన అట్ట పెట్టుకోవచ్చు. చిన్నబాపు ఆ ఉత్తరాన్ని చదివి, నాతో చదివించి, మళ్లీ ఆయనే చదివాడు. అట్ట మీద నేనే రాశాను. పేరు కింద "సాంచె కార్మికుడు, సిరిసిల్ల" అని రాయమన్నాడు. నవ్విన వాడకట్టుకు ఆ ఒక్క పూటతో జవాబు చెప్పాలని ఆయన ఆశ. బయటికి అనలేదు గానీ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

మా చిన్నమ్మ చేతిమగ్గాల ఇంటి ఆడపిల్ల. చిన్నప్పుడు వీధిలో పడుగు దారాలు పరిచి కుంచెతో గంజి పట్టించిన చెయ్యి. సాంచెలొచ్చాక ఆ పని పోయింది, చెయ్యి మాత్రం మరిచిపోలేదు. ఆమె గంజి పెట్టిన చీర మూలకు ఆనిస్తే దానంతటదే నిలబడేది. ప్రదర్శనకు ముందు రోజు పగలు, ఆయన పనిలో ఉండగా, ఆమె ఆ పుస్తకం తెరిచింది. పాతికేళ్ల కాపురంలో అదే మొదటిసారి. ఆమె లెక్కలో మెత్తబడ్డ దేనికైనా ఒకటే మందు. సన్నగా గంజి కాచి, గుడ్డలో వడకట్టి, పిట్ట నోటును ముంచి తీసి, నీడన ఆరబెట్టి, పైన ధోవతి పరిచి ఇస్త్రీ చేసింది.

సాయంత్రం ఆయన రాగానే, మర్నాడు ఆయన వెంట వెళ్లడానికి వచ్చిన నా ముందే చూపించింది. "పీలికోలె ఉండె గద. కొత్తదాని లెక్క జేసిన. పదిమందిల వెడ్తున్నవాయె" అంది. పెళ్లిచూపులనాటి ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు గానీ, ఆమె ముఖం అప్పుడు అలా ఉందనుకుంటాను. చిన్నబాపు నోటు చేతిలోకి తీసుకున్నాడు. అది పెళపెళలాడింది. చాలాసేపు దాన్నే చూశాడు. "మంచిగ జేసినవే" అన్నాడు. పుస్తకం తెరిచినప్పటి చిన్న గొంతుతో అన్నాడు.

జగిత్యాలలో ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర ఒక కళ్లద్దాలాయన నోట్లు పరీక్ష చేసి లోపలికి పంపుతున్నాడు. మా నోటును వెలుగుకు పట్టి చూశాడు, వాసన చూశాడు. "దీనికి గంజి వెట్టిన్రా ఏంది? ఉతికిన నోటు టేబుల్ మీద వెట్టమండి. ఇంకోటేమన్న తెచ్చిన్రా?" అని మర్యాదగానే అడిగాడు. సంచిలో పుస్తకం పుస్తకమే ఉంది. "లేదు సార్" అన్నాడు చిన్నబాపు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కాడు. బస్టాండులో చాయ్ తాగుతూ చెప్పాడు: "ఇంకోటి వెడితె, నేను గంజి వెట్టిందెందుకు వెట్టలేదని మీ చిన్నమ్మ అడుగదా? అందరు మెచ్చుకున్నరని జెప్పు బిడ్డా. నాకు అబద్ధమాడ రాదు." నేను రాసిన అట్ట ఆయన కొత్త చొక్కా జేబులోంచి సగం కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

పిల్లలకు నీతులు చెప్పి జీతం తీసుకునేదాన్ని, ఆ రోజు మాత్రం అబద్ధాన్ని కలెక్టరు దాకా తీసుకెళ్లాను. కలెక్టరుగారే వంగి చూశారని చెప్పాను. చిన్నమ్మ దాన్ని వాడకట్టంతా పంచింది. పిట్ట నోటును పుస్తకం మొదటి పేజీలో పెట్టించింది. చిన్నబాపు ఆ తర్వాత ఒక్క నోటు కూడా తెప్పించలేదు, ఏ ప్రదర్శనకూ పోలేదు. మూడేళ్లకు దగ్గుతో మంచం పట్టి పోయాడు.

ఆ పుస్తకాన్నే మొన్న నా ఒళ్లో పెట్టుకుని తెరిచాను. మొదటి పేజీలో పిట్ట లేదు. ముక్కు ఒక్కటి మిగిలింది, తక్కినదంతా జల్లెడ. గాభరాగా పేజీలు తిప్పాను. మిగతా నోట్లన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. పిట్ట నోటు వెనక చిన్నబాపు దాచిన ఆ పేరు అట్ట కూడా అలాగే ఉంది. చిన్నమ్మ వంగి చూసింది. వేలితో ఆ జల్లెడను తాకి, "గంజికచ్చినయి పురుగులు" అంది. "గంజి బట్టను పెట్టెల దాస్తె పురుగు వడ్తదని నాకెర్క లేదా? ఎట్ల మర్సిన?" నా వైపు చూడకుండానే అడిగింది: "గా దినం సంది ఆయన ఒక్క నోటు తెప్పియ్యకపాయె. కలెక్టరు సూడలేదు గదా?"

ఇంకో అబద్ధం నా నోటిదాకా వచ్చింది. ఆ అట్ట చూశాక చెప్పలేకపోయాను. "గుమ్మం కూడ దాటనియ్యలేదు చిన్నమ్మా" అన్నాను. ఆమె సున్నం బకెట్టు పక్కన కూలబడింది. "ఒక్క మాటన్న తిట్టకపాయె" అంది. "తిట్టినా బాగుండు. నా చేత్తోని పాడుజేసిన, మంచిగ జేసినవన్నడు." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెను దగ్గరికి తీసుకుని నేనూ ఏడ్చాను. వచ్చేటప్పుడు పుస్తకం నాకిచ్చింది గానీ, మొదటి పేజీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. బస్సులో ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నాకు ఒకటే అనిపించింది. కాలం అన్నింటినీ ఒకేలా తినదు, ఎక్కడ ఎవరి ప్రేమ కాస్త ఎక్కువ పడిందో అక్కడే ముందు కొరుకుతుంది.