లైనక్స్ పెట్టెకు ఆయుధపూజ

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు: లైనక్స్ తెలిసినవాళ్ళు, పాపం తెలియనివాళ్ళు. మొదటి రకంలో చుట్టుపక్కల నేనొక్కణ్ణే కనిపించేవాణ్ణి కాబట్టి, రెండో రకాన్ని ఉద్ధరించే బాధ్యతంతా నా నెత్తిన పడిందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగానికి పిలుపు వస్తుందని చెప్పుకుంటూ (నేను ఎక్కడా దరఖాస్తే పెట్టలేదన్నది వేరే సంగతి) పాలకొల్లులో మా పెద్దమ్మగారింట్లో ఉండేవాణ్ణి. మౌసు పట్టుకుని పనిచేసేవాళ్ళని చూస్తే నాకు జాలి. నేనైతే లైనక్స్‌తో నడిచే నా కంప్యూటర్లో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొట్టి, ఎంటర్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలేవాణ్ణి. చూసేవాళ్ళెవరూ లేకపోయినా సరే, వాలడం మాత్రం మానేవాణ్ణి కాదు.

మా పెదనాన్నది కొబ్బరికాయల వ్యాపారం. ఆయన కొట్లో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి నా కంట పడింది. వాళ్ళింట్లో ఇంటర్నెట్ రెండేళ్ళుగా ఏ గొడవా లేకుండా వస్తోంది. వీధిలోంచి తీగ ఒక తెల్లపెట్టెలోకి వచ్చేది, అందులోంచి ఇంకో తీగ వైఫై పెట్టెకి వెళ్ళేది, అంతే. ఆ రెండు పెట్టెల మధ్య నా లైనక్స్ కంప్యూటర్ని కూర్చోబెడితే ఇంటికి కాపలా ఉంటుంది, ప్రకటనలు రావు, వేగం పెరుగుతుంది అని ఉపన్యాసం ఇచ్చాను. బాగానే ఉన్నదాన్ని ఎందుకురా కదపడం అని పెదనాన్న అడిగారు. పెద్దవాళ్ళు అలాగే అంటారులే అనుకుని కదిపాను. ఆయన ఎప్పుడు వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగినా “ఐదు నిమిషాలండి” అనేవాణ్ణి. ఆ ఐదు నిమిషాలు పదిరోజులు సాగాయి. ఆ పదిరోజుల్లోనే నా పేరు పోయి ‘ఐదు నిమిషాలు’ అని స్థిరపడిపోయింది (“ఐదు నిమిషాలు భోంచేశాడా?” అని పెదనాన్న వంటింట్లోకి కేకేసేవారు). ఎలాగైతేనేం, దసరాకి ఐదారు రోజుల ముందు నా పెట్టె పనిచేసింది. నిజంగానే పనిచేసింది, ఒట్టు. నా గొప్ప వినే ఓపిక ఆ ఇంట్లో పెద్దమ్మ ఒక్కదానికే ఉండేది. అందుకని ఆవిణ్ణి పెట్టె వెనక్కి తీసుకెళ్ళి, తెల్లపెట్టె నుంచి వచ్చిన తీగ దూరే కన్నం, దాని పక్కన మిణుకుమనే పచ్చదీపం చూపించి, “దీని ప్రాణమంతా ఇక్కడే ఉంది పెద్దమ్మా” అని చెప్పాను. ఆవిడ పురాణం వింటున్నంత శ్రద్ధగా తలూపింది.

ఇంతలో హైదరాబాదు నుంచి పెద్దమ్మ కూతురు, మా అక్క, నాలుగేళ్ళ పిల్లతో పండక్కి వచ్చింది. పిల్ల పుట్టినప్పుడు ఉద్యోగం మానేసింది. పిల్ల కాస్త ఎదిగాక మళ్ళీ చేరదామంటే ఒక్క కంపెనీ పలికితే ఒట్టు. మధ్యలో ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నారేంటండి అని అడగడం, ఫోను పెట్టెయ్యడం. చివరికి బెంగళూరు కంపెనీ ఒకటి వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామంది. దసరా మర్నాడు పొద్దున్న పదకొండింటికి. ఆ ఇంటి గోడలు మూరెడు మందం. లోపల ఫోనుకి సిగ్నల్ అందదు, ‘హలో’ అనాలంటే నూతి దగ్గరకి వెళ్ళి నిలబడాలి. కాబట్టి అక్క ఇంటర్వ్యూ మొత్తం ఇంట్లో ఇంటర్నెట్ మీద, అంటే నా పెట్టె మీద ఆధారపడింది. “ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు పిలిచార్రా. ఇది కూడా పోతే ఇంక అడిగే ఓపిక నాకు లేదు,” అంది అక్క. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. నాకు వదిలెయ్యక్కా అని పెట్టె మీద చెయ్యి వేసి మరీ మాటిచ్చాను.

దసరా నాడు పెద్దమ్మ ఆయుధపూజ మామూలుగా ఉండదు. పెదనాన్న స్కూటరు, కొబ్బరికాయలు వలిచే గునపం, కుట్టుమిషను, మిక్సీ, చివరికి కత్తిపీట కూడా స్నానం చేసి బొట్టు పెట్టుకోవాల్సిందే. పూజయ్యాక ఆ రోజంతా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు, విశ్రాంతి. నా పెట్టెని కూడా ఆపి ఇమ్మంది. ఇంటి పరికరాల్లో దానికీ స్థానం దొరికిందని పొంగిపోయి, ఆపి, వెళ్ళి వంటింట్లో గారెల ముందు కూర్చున్నాను. కాసేపటికి పెద్దమ్మ హాల్లోంచి, దీనికి గంధం ఎక్కడ పెట్టమంటావురా అని అడిగింది. నోట్లో నాలుగో గారె ఉంది. నీ ఇష్టం పెద్దమ్మా అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికి పెట్టె ఆన్ చేశాను. ఇంటర్నెట్ రాలేదు. కంగారేం పడలేదు, పైగా లోపల్లోపల కాస్త సంతోషించాను కూడా, అక్క ముందు ప్రతాపం చూపించే అవకాశం వచ్చిందని. నల్లతెర తెరిచాను. అవతలి నుంచి తీగలో ఏమీ రావడం లేదు మొర్రో అని అది స్పష్టంగా, మొదటి వరసలోనే చెప్పింది. అంత తేలికైన జవాబు నాలాంటివాడికి నచ్చుతుందా? తీగని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము పాడైందని తేల్చాను. డ్రైవర్ మార్చాను. ఆ తర్వాత కాపలా నియమాలన్నీ చెరిపి మళ్ళీ రాశాను. అడ్రసులు పంచే ఫైలు మార్చాను. పాతవాటికి నకలు తీసి దాచుకోలేదు (నకళ్ళు దాచుకునేది తమ మీద తమకి నమ్మకం లేనివాళ్ళని అప్పటి నా అభిప్రాయం). పది దాటింది. పదిన్నర అయింది. అక్క జరీ అంచు నేతచీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంది. పిల్లని పెదనాన్న కొట్టుకి తీసుకెళ్తానని ఎత్తుకున్నారు గానీ గుమ్మం దాటలేదు. ఎంతసేపు పడుతుందని అక్క అడిగింది. ఐదు నిమిషాలన్నాను. ఆ మాటకి ఎప్పుడూ నవ్వే పెదనాన్న ఆ రోజు నవ్వలేదు. అక్క మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది, నిజం చెప్తున్నాను, అక్షరాలు మసకబారిపోయాయి.

పదకొండుకి పది నిమిషాలుంది. ఇంక కొట్టడానికి కమాండ్లేవీ మిగల్లేదు. జీవితంలో మొట్టమొదటిసారి, తెర వదిలేసి పెట్టె వెనక్కి వెళ్ళాను. పచ్చదీపం లేదు. తీగ పట్టుకుని లాగాను. చేతికి మెత్తగా ఏదో అంటింది. చూస్తే గంధం. కన్నం నిండా గంధం, దాని మధ్యలో కుంకుమ. పెద్దమ్మ తీగ ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, నేను ప్రాణమని చూపించిన చోటే వెతుక్కుని బొట్టు పెట్టి, ఏ తీగ ఎక్కడుందో అక్కడే జాగ్రత్తగా మళ్ళీ తోసింది.

దొరికింది అని అరవబోయి తలెత్తాను. నేను పదిరోజులు కష్టపడి రాసిందాంట్లో ఏ తప్పూ లేదని లోకానికి చాటే క్షణం అది. ఎదురుగా గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, కూతురి ఇంటర్వ్యూ కోసం పెదవులు కదుపుతోంది. ఈ మనిషికి నేనేం చెప్పాలి? నీ పూజ వల్లే నీ కూతురి ఉద్యోగం పోబోయిందనా? వేలు పంట్లాముకి తుడుచుకున్నాను. తీగ కొసని చొక్కాతో శుభ్రంగా తుడిచి, నా పెట్టెని పక్కన పడేసి, తిన్నగా అక్క లాప్‌టాప్‌లో గుచ్చాను. రెండు క్షణాల్లో ఇంటర్నెట్ వచ్చేసింది. అప్పటికి పదకొండుకి నాలుగు నిమిషాలు.

“ఏమైందిరా అసలు?” అని అడిగింది పెద్దమ్మ.

“నేను రాసిందే తప్పు పెద్దమ్మా,” అన్నాను.

“అదే అనుకున్నా. నిన్న దానికి పూజ చేశాను కాబట్టి ఇప్పటికైనా తెమిలింది,” అంది ఆవిడ తృప్తిగా. అంటే నీ పెట్టె తీసేస్తేనే ఇంటర్నెట్ పనిచేస్తుందన్నమాట అని పెదనాన్న చేర్చారు. రెండు మాటలూ దిగమింగుకున్నాను. లోపల అక్క గొంతు మొదట వణికి, తర్వాత నిలదొక్కుకోవడం గుమ్మం బయట నిలబడి విన్నాను.

వారానికి అక్కకి ఉద్యోగం వచ్చింది. అంతకుముందే, ఇంటర్వ్యూ నాటి సాయంత్రం, నేను చాటుగా ఆ కన్నాన్ని అగ్గిపుల్లకి దూది చుట్టి శుభ్రం చేసి, పచ్చదీపం వెలిగాక, ఇప్పుడు చూడండి అని నా పెట్టెని మళ్ళీ కలిపాను. ఇంటర్నెట్ రాలేదు. పొద్దున్న ఆ రెండు గంటల్లో నేను చెరిపి రాసిన రాతలకి అది ఎప్పటికీ వచ్చే అవకాశమే లేదు. ఏది ఏ తప్పో కూడా నాకు అర్థం కాలేదు. మర్నాడు పెదనాన్న దాన్ని అటకెక్కించారు. ఏ ఇంట్లో ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఎవరి పెళ్ళి కుదిరినా, ఆనాడు నేను అక్క ఇంటర్వ్యూని ముంచబోయిన కథ మా వాళ్ళు పంక్తిలో చెప్పుకుని నవ్వుతారు. అందరికంటే ఎక్కువ ఇష్టంగా చెప్పేది పెద్దమ్మే.

మొన్నామధ్య అక్క ఆఫీసులో పెద్ద హోదాకి ఎదిగిందని భోజనాలకి పిలిచింది. కథ మామూలుగానే నడిచింది, నేనూ మామూలుగానే నవ్వాను. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచాక అక్క నా పక్కన కూర్చుని, “ఆ తీగ నా చేతికి తగిలిందిరా. ఇంటర్వ్యూ అయ్యేదాకా నా వేళ్ళు గంధం వాసనే,” అంది మెల్లగా. “తప్పు నీది కాదని తెలిసి కూడా అమ్మ కోసం ఇన్నేళ్ళు మాటలు పడ్డావు. నీ అంత మంచివాడు ఉండడురా,” అంటూ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఇంటర్వ్యూ నాటి సాయంత్రం సంగతి, ఆ దూది, అగ్గిపుల్ల, గంధం పోయాక కూడా రాని ఇంటర్నెట్, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి.

కానీ అక్క అంత నమ్మకంగా చూస్తోంది. పోనీలెద్దూ అక్కా అని వినయంగా తల వంచుకున్నాను.