వానకు అయిదు డిగ్రీలు

దొరసామి ఇరవయ్యారేళ్లు ఒకే పెట్టె ముందు పనిచేశాడు. మొరప్పూర్ రోడ్డులోని మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, గుజ్జు ఉడికే కెటిల్‌కు ఎంత ఆవిరి వదలాలో చూసుకునే పెట్టె అది. కరెంటుతో కాదు, గాలితో నడిచేది. సన్నటి రాగి గొట్టాల్లో గాలి బుసకొడుతుంటే, గుండ్రటి కాగితం మీద సూది కెటిల్ వేడిని గీసుకుంటూ పోయేది. నేను పక్క గదిలో స్టోరు చూసేవాణ్ణి. చేతిలో పుస్తకమున్నా, ఆ బుస ఆగితే తల ఎత్తేవాణ్ణి.

2006 సీజనుకు ముందు కంప్యూటరు వచ్చింది. పాత పెట్టెను పూర్తిగా తీసేందుకు వ్యవధి లేదు. గాలి ఒత్తిడిని కరెంటుగా మార్చే చిన్న డబ్బా మధ్యలో పెట్టి, పాతదాన్ని కొత్తదానికి కలపమన్నారు. ఆ పనికి శాలిని వచ్చింది. చెట్టికరై ఇంజనీరింగు కాలేజీలో చదివిన పిల్ల. అందరూ తమిళం మాట్లాడే ఆ ఫ్యాక్టరీలో, దొరసామి నాతో తెలుగులో ఏదో గొణిగితే వెనక్కి తిరిగి నవ్వింది.

"మా ఇంట్లోనూ ఇదే మాట మామా. జాగ్రత్తగా తిట్టండి!"

అప్పటినుంచి ఆమె ఆయనకు పాప.

మొదటి రోజే గుజ్జు నల్లబడింది. మేనేజరు విశ్వనాథన్ అందరి ముందూ ఆమె మీద పడ్డాడు. "బెల్లం పాకం కాచేదానికా నిన్ను పిలిపించింది?" శాలిని తీగలన్నీ ఊడదీసి మళ్లీ బిగించింది. తప్పు దొరకలేదు.

తప్పు సూదిలో ఉంది. అది ఎన్నో ఏళ్లుగా మూడు డిగ్రీలు తక్కువ చూపేది. తొంభై అయిదు కావాలంటే దొరసామి తొంభై రెండు దగ్గరే ఆపేవాడు. కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. సూది తొంభై అయిదుకు చేరేదాకా ఆవిరి తోసింది.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూశాక దొరసామి ఆ సంగతి చెప్పేశాడు.

"ఎక్కడన్నా రాసి పెట్టినారా మామా?"

"రాసేదెందుకు? నేనుండానుగదా."

ఆమె కంప్యూటరులో మూడు కలిపింది. గుజ్జు పసుపుపచ్చగా దిగింది. మరుసటి వారం కంప్యూటరును శాలినికే అప్పగించి దొరసామిని గేటుకు మార్చారు, లారీలను లోపలికి వదిలే పనికి.

అన్నం వేళకు నా స్టోరుకు వచ్చి, గోడకవతలి బుస వింటూ కూర్చునేవాడు. ఒకరోజు అన్నాడు: "వాన పడితే మూడు గాదు, అయిదు. గొట్టాల్లో చెమ్మ చేరతాది. పాపకు చెప్పలేదు."

"ఏం?"

"వానొస్తే పిలవరా, ఏంది?"

ఇంక ఎవరూ పిలవరని నేను చెప్పాల్సింది. ఆ ముఖం చూశాక మజ్జిగ గ్లాసు ఆయన వైపు జరిపాను.

జూన్‌లో మబ్బు పట్టినప్పుడల్లా ఆయన తల దువ్వుకుని సిద్ధంగా ఉండేవాడు. రెండుసార్లు గాలికి మబ్బు చెదిరిపోయింది. మూడోసారి నిజంగానే కురిసింది. నేను గొడుగు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేసరికి, గుజ్జు ఉడికే షెడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. పావుగంట గడిచినా అటునుంచి ఎవరూ రాలేదు.

"పిలవలేదే," అన్నాడు. వెంటనే, "లోపల పండు పాడవతాదప్పా," అంటూ తడుస్తూనే పరుగెత్తాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

"పాపా, వానకు అయిదు!"

శాలిని వెంటనే మూడును అయిదు చేసింది. తర్వాత ఆయన తడిసిన చొక్కాను చూసింది.

"అప్పుడే చెప్పుంటే ఏం మామా?"

ఆయన చొక్కా అంచు పిండుకున్నాడు.

"నాకు చెప్పనిది ఇంకేమన్నా ఉందా?"

దొరసామి రాగి గొట్టాలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాడు. చెప్పనిది ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండునని వెతుక్కుంటున్నట్టు.

"లేదు పాపా," అన్నాడు.