బిసాహు తాగడు

ఒక మనిషి గురించి నేను అబద్ధం చెప్పాను. మూడే మూడు ముక్కలు. గుక్కెడు నీళ్ళు మింగేంత సేపు కూడా పట్టలేదు చెప్పడానికి. దాన్ని మోయడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది, ఇంకా దిగలేదు. మా ఆయనకు తెలియదు. పిల్లలకు తెలియదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా అదొక్కటి దాటేసి మిగతావన్నీ చెప్పుకునేదాన్ని. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఓదార్చకండి. విని ఊరుకోండి, చాలు.

ఇంతేనా, ఇంత చిన్న విషయమా అంటారేమో. అలా అనుకుని బతికేద్దామని నేనూ చాలా ప్రయత్నించాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన రైల్వేలో గేంగ్‌మేన్. పెళ్ళవగానే రాయపూర్ వచ్చి కాలనీలో కాపురం పెట్టాను. కొత్త రాష్ట్రం వచ్చి, రాయపూర్ రాజధాని అయిన కొత్తల్లో జరిగిందిది. కాలనీలోని తెలుగు ఆడవాళ్ళం ఒక సంఘంగా ఉండేవాళ్ళం. శుక్రవారం పారాయణాలు, కార్తీకంలో వనభోజనాలు. ప్రెసిడెంటు గారు ఒక పెద్ద ఆఫీసరు గారి భార్య. నా పని చాపలు పరచడం, ప్రసాదం గిన్నెలు కడగడం. నన్ను ఎవరో చిన్నచూపు చూశారని చెప్పను. వాళ్ళకా అవసరం రాలేదు. నేనే వెనక వరసలో, గోడవారగా కూర్చునేదాన్ని.

మా వీధికి మోంగ్రా అనే ఆమె ఆకుకూరలు తెచ్చేది. ధర్సీవా దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. ఆ ఏడు వానలు వెళ్ళిపోతాయనుకున్న సమయంలో ముసురు పట్టింది. వాళ్ళ మట్టి గోడ కూలి, ఆమె భర్త బిసాహు కాలు దాని కింద పడి విరిగింది. ఉన్న కొద్దిపాటి చేలో వరి నీళ్ళలో పడుకుంది. ఇంట్లో పదకొండు మంది. మొగుడూ పెళ్ళాం, ముసలి అత్త, ఆరుగురు పిల్లలు, చచ్చిపోయిన మరిది పిల్లలిద్దరు. చలికాలం ముందుంది. ఇదంతా మా గుమ్మంలో తోటకూర కట్టలు ఏరుతూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పి, "కా కరబో దీదీ" అంది. ఏం చేస్తాం అక్కా, అని.

ఇది మాత్రం నమ్మండి. మొదట్లో ఉన్నది జాలే.

ఆ శుక్రవారం పారాయణం అయ్యాక మొదటిసారి లేచి నిలబడి మాట్లాడాను. ప్రెసిడెంటు గారు అంతా విని, "మంచి పనమ్మా, చలి వెళ్ళేదాకా ఆ కుటుంబాన్ని మన సంఘం చూసుకుంటుంది, బాధ్యత నీదే" అన్నారు. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు ఎంత బాగుందో ఎలా చెప్పను? ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "నీకెందుకే ఈ ఝంఝట్ అంతా" అన్నారు. వినలేదు.

బియ్యం, పప్పు, పది రగ్గులు, పిల్లలకు స్వెట్టర్లు, కూలిన గోడ మీదికి రేకులు. అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. వారం వారం బస్సెక్కి వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి నా ఒళ్ళు మండించేది. రేకులు ఇంటి మీద వేయలేదు, ఎద్దును కట్టేసే చోట వేశాడు బిసాహు. ఏమయ్యా అంటే, "ఎద్దు పోతే మేమూ పోయినట్టే దీదీ" అన్నాడు. స్వెట్టర్లు ట్రంకు పెట్టెలో మడత విప్పకుండా ఉన్నాయి, మడై జాతరకు తొడుగుతారట. పిల్లలు మాత్రం ఉత్త చొక్కాలతో గోర్సీ చుట్టూ, ఆ మట్టి కుంపటి చుట్టూ, ముడుచుకుని కూర్చున్నారు. పది రగ్గుల్లో నాలుగు కనబడలేదు. బిసాహు చెల్లెలు చంటిబిడ్డతో వస్తే ఇచ్చి పంపారట. రెండో పిల్ల సతరూప ఐదో తరగతి, బడికి పంపమని ఎన్నిసార్లు చెప్పానో. వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల కోసిన చేలల్లో రాలిన వరి వెన్నులు ఏరుకుంటూ కనబడేది.

ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళు చేసిన పనుల్లో ఒక్కటీ తెలివితక్కువది కాదు. అప్పుడు నాకు ఒకటే కనబడేది. నేను ఇచ్చాను, నేను చెప్పినట్టు వినరా? సంఘంలో ఏం చెప్పుకోవాలి? ఎద్దుకు రేకులు వేయించానని చెప్పనా? వాళ్ళకు సాయం చేస్తున్నాననుకుంటూ, వాళ్ళ ద్వారా నన్ను నేను ఒక మెట్టు ఎక్కించుకుంటున్నానా? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. వేసుకుని ఉంటే బాగుండేది.

ఒకరోజు బిసాహు కర్ర ఊతంతో మా ఇంటికి వచ్చాడు, దండం పెట్టి పోదామని. అన్నం తినమన్నాను. ఈ గిన్నెలో చేపలు వండుతారా అని మెల్లిగా అడిగాడు. మెడలో తులసి పూసల కంఠి పట్టుకుని, "మేం కబీర్‌పంథీలం దీదీ. మాంసం, దారూ మా తాతల నాటి నుంచీ ముట్టం" అన్నాడు. అటుకులు, బెల్లం పెడితే తిని వెళ్ళాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక అన్నానని రేపు మీరు కూడా నన్ను వెనకేసుకు రాకూడదు. నాకు తెలుసు.

కార్తీకంలో ప్రెసిడెంటు గారు, మరో ఇద్దరు ఆ కుటుంబాన్ని చూస్తామన్నారు. ఆదివారం పదకొండింటికి వస్తాం, అందరూ స్నానాలు చేసి, స్వెట్టర్లు తొడుక్కుని ఇంటి దగ్గరే ఉండండి అని మోంగ్రాకు గట్టిగా చెప్పాను. తలూపింది.

వెళ్ళేసరికి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. అరుగు మీద ముసలమ్మ ఒక్కతే. వరికోతలు జోరుగా ఉన్నాయి, ఆసామి ఆ పొద్దునే కబురు పెట్టాడు, పిల్లలతో సహా అందరూ వెళ్ళారు, బిసాహు కూడా కళ్ళంలో కూర్చుని కట్టలు కట్టడానికి వెళ్ళాడు అని చెప్పింది. కూలికి పిలిచిన రోజు పోకపోతే మళ్ళీ పిలవరు. ఇది నాకు తెలియదా? నేనూ పల్లెలో పుట్టినదాన్నే.

"ఏమ్మా, ఏరీ నీ వాళ్ళు? ఆదివారం పూట డ్రైవర్ని పిలిపించుకుని మరీ వచ్చాం" అన్నారు ప్రెసిడెంటు గారు. పట్టుచీర కుచ్చిళ్ళకు ఎర్రమట్టి అంటింది. మిగిలిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గోడవారన గుడ్డపీలిక కుక్కిన సీసా ఒకటి ఉంది. ఆవిడ చూపు దాని మీద పడింది.

"మొగుడు తాగుతాడా ఏంటి?"

అది కిరసనాయిలు సీసా. దాంతో దీపం వెలిగించడం నా కళ్ళతో చూశాను.

"అవునండీ" అన్నాను. అక్కడితో ఆగినా పోయేది. ఆగలేదు. "ఇచ్చినవన్నీ అమ్ముకు తాగేస్తున్నాడు. మీతో ఎలా చెప్పాలా అని చూస్తున్నాను."

ఆ మాట నోట్లోంచి వస్తుండగా గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళిన ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, నవ్వుతూ ముందు నాకే ఇచ్చింది. ఆమెకు తెలుగు రాదు. తాగాను.

ఎందుకన్నాను? సిగ్గుతోనా? వాళ్ళ మీద కోపంతోనా? తప్పు నాది కాదు, వాళ్ళదే అని చూపించుకోవాలనా? మూడూ నిజమే. అన్నిటికంటే అసహ్యమైన నిజం ఇంకొకటుంది. అన్నాక ఒక నిమిషం హాయిగా అనిపించింది.

తిరుగు దారిలో ప్రెసిడెంటు గారు అదే మాట హిందీలో డ్రైవర్తో అన్నారు, ఇలాంటి వాళ్ళకు పెట్టడం దండగని. డ్రైవరు అత్తవారిది పక్క ఊరే. మరుసటి శుక్రవారం సంఘం ఆ సాయం ఆపేసింది. "నిజం దాచకుండా చెప్పావు, మెచ్చుకోవాలి" అని అందరి ముందూ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. కూర్చున్నాను.

మరో వారానికి మోంగ్రా వచ్చింది. తల మీద కూరల గంప లేదు. గుమ్మంలోనే నిలబడింది.

"దీదీ, మా ఆయన తాగుతాడని ఎవరో అన్నారట. ఊరంతా అదే మాట. నువ్వు వారం వారం వచ్చావు కదా, ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"వాసనైనా తగిలిందా?"

"లేదు మోంగ్రా. అతను తాగడు. నాకు తెలుసులే."

ఆమె మొహం ఒక్కసారి తేటపడింది. "అయితే ఒక్కసారి రా దీదీ. ఆదివారం సత్సంగానికి మా మఠం పెద్ద మహంతు వస్తాడు. నలుగురిలో ఆ మాటే చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట నమ్ముతారు."

"మా ఆయనకు డ్యూటీ ఉంటుంది. పిల్లలకు పరీక్షలు. ఎలా కుదురుతుంది?"

"రాలేకపోతే కాగితం మీద రాసివ్వు."

"నాకు హిందీ రాయడం రాదు."

రాదా? మా పిల్లల హిందీ హోంవర్కు రోజూ నేనే చేయించేదాన్ని.

"మోర్ కా గల్తీ హే దీదీ?" అంది. ఇందులో నా తప్పేముంది అక్కా, అని. నన్ను అనుమానించి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మొదటిది నోరు జారిన మాట అనుకోవచ్చునేమో. ఇది జారింది కాదు. తీరిగ్గా, నిలబడి, ఆమె కళ్ళలోకి చూస్తూ చేసింది.

పుష్యం రాకముందే వాళ్ళు ఊరు వదిలేశారు. ఇటుక బట్టీలకు మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ లారీలో, పిల్లలతో సహా, ఉత్తరాది వైపు. ఎద్దును అమ్మేశారు. నేను ఉండబట్టలేక మా ఇంటి రగ్గు ఒకటి తీసుకుని వెళ్ళాను. ముసలమ్మ ఒక్కతే ఉంది. తిండి పక్కింటివాళ్ళు పెడుతున్నారట. బిసాహు సంగతి ఆవిడే చెప్పింది. సత్సంగంలో మహంతు అతన్ని కసరలేదట, కొట్టలేదట. తాగనని గురువు మీద ప్రమాణం చెయ్యి, చాలన్నాడట. బిసాహు, నా మాటకు ప్రమాణం కావలసి వచ్చాక ఈ కంఠి నాకెందుకని, మెడలోంచి తీసి అక్కడ పెట్టి లేచి వచ్చేశాడట. ఇదంతా చెప్పి ముసలమ్మ నేనిచ్చిన రగ్గు ఒళ్ళో పెట్టుకుని నా తల మీద చెయ్యి వేసింది. పిల్లాపాపలతో చల్లగా ఉండమంది.

చల్లగానే ఉన్నాను. పిల్లలు స్థిరపడ్డారు. మా ఆయన రిటైరయ్యారు. సంఘంలో నన్ను కార్యదర్శిని కూడా చేశారు, కొన్నాళ్ళకు ఏదో వంక చెప్పి మానేశాను. మోంగ్రా మళ్ళీ మా వీధికి రాలేదు. ఆ ఊరి బస్సు నేనూ ఎక్కలేదు.

ఈమధ్య తెలీబంధా చెరువు దగ్గర మొగుడితో కలిసి మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతున్న ఒక ఆమె, "మౌసీ" అని, పిన్నీ అన్నట్టు, పిలిచింది. సతరూప. నేను గుర్తుపట్టలేదు, ఆమే గుర్తుపట్టింది. బట్టీకి వెళ్ళిన ఏడాది ఆగిన బడి మళ్ళీ మొదలు కాలేదట. నానమ్మ ఎప్పుడో పోయిందట. వాళ్ళు తిరిగి ఊరికే వచ్చేశారట, నాన్న ఉన్నాడట, మళ్ళీ కంఠి కట్టుకోలేదట, సత్సంగం జరిగే వీధిలోంచి కూడా నడవడట. చెబుతూ విసనకర్రతో బొగ్గులు విసురుతోంది.

"అమ్మ ఇప్పటికీ అంటుంది మౌసీ. ఊరంతా ఆ మాట నమ్మినా రాయపూర్ దీదీ ఒక్కతే నమ్మలేదని."

అక్కడే చెప్పాల్సింది. చెప్పడానికి ఏం అడ్డం వచ్చింది? జనమా? పక్కనున్న ఆమె మొగుడా? ఏదీ కాదు. వాళ్ళింట్లో నా పేరుకు మిగిలిన ఆ మంచిని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంత జరిగాక కూడా. ఆమె రెండు కంకులకు ఉప్పూ నిమ్మకాయా రాసి నా చేతిలో పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. ఇంటికి తెచ్చాను. మా ఆయన తిని, బాగున్నాయన్నారు.

నా మీద నాకు వచ్చే విసుగు మీకు ఎలా చెప్పను? ఊరు దగ్గరే. బస్సు ఇప్పుడు గంటకొకటి ఉంది. మోకాళ్ళ నొప్పులంటాను, ఎండలంటాను. ఈ ఒప్పుకోలు కూడా ఒక తప్పించుకోవడమేనేమో. వినవలసిన వాళ్ళకు చెప్పకుండా మీకు చెబుతున్నాను కదా. మీరు ఆ ఊరి వాళ్ళు కారు. మీకు చెబితే బిసాహుకు ఒరిగేదేమీ లేదు, అది నాకు తెలుసు.

అయినా ఒక్కసారైనా నా చేత్తో రాయాలి. బిసాహు తాగడు. ఏనాడూ తాగలేదు. తాగుతాడని చెప్పింది నేను. అబద్ధమని తెలిసే చెప్పాను.

రాశాక మళ్ళీ చదువుకున్నాను. ఏదీ కొట్టేయలేదు.