మరిది తాగిన సీసా

మందుల కంపెనీ ల్యాబులో ఆవిడను వెనకాల అందరూ ‘మళ్ళీ మేడం’ అనేవారు. ఏ పరీక్షనైనా ఇంకోసారి చేసి చూసుకోనిదే ఆవిడ సంతకం పెట్టేది కాదు. పేరు తెలియని పొడులు, ద్రవాలు ఆవిడ బల్ల మీదికి వస్తాయి. అవేమిటో తేల్చడమే పని. ఏళ్ళ తరబడి చేస్తున్నా, తప్పు చెబుతానేమోనన్న బెదురు మాత్రం పోలేదు.

ఆ మధ్యాహ్నం భర్త ల్యాబు గేటు దగ్గరికి రొప్పుతూ వచ్చాడు. చేతిలో మంచినీళ్ళ సీసా, అడుగున కాస్త ద్రవం. చూడ్డానికి అచ్చం నీళ్ళే.

“తమ్ముడు షెడ్డులో నీళ్ళనుకుని తాగేశాడు. తూలిపోతున్నాడు. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. ఆసుపత్రిలో చేర్చాం.”

మరిది లారీల మెకానిక్కు. మందు వాసనే పడని మనిషి. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకునే పిల్లాడు. పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పింది ఆవిడే.

ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోను చేశాడు.

“మేడం, అది ఇంజను కూలెంటో, స్పిరిటో, ఇంకేమన్నానో షెడ్డువాళ్ళకే తెలీదు. కూలెంటులో రెండు రకాలట కదా?”

“అవునండీ. ఒకటి అంత హాని చెయ్యదు. ఇంకోటి ఇథిలీన్ గ్లైకాల్. కిడ్నీలు పోతాయి.”

“విరుగుడు పెద్దాసుపత్రిలో ఉంది. ఏం తాగాడో తేలితేనే పంపుతారట. మా ల్యాబుకైతే రేపటిదాకా పడుతుంది.”

ఆవిడ గ్లవుజులు తొడుక్కుంది. ద్రవంలో కొంచెం సోడా కలిపింది. బుడగలు రాలేదు, ఆమ్లం కాదు. కీటోన్లను పట్టిచ్చే ద్రావణం పోసింది. మడ్డి దిగలేదు, కీటోనూ కాదు. ఆల్కహాళ్ళకు వేసే పసుపు ద్రావణం మాత్రం చుక్క పడగానే ఎర్రబడింది, అంటే ఆల్కహాల్ జాతిదే. ఇన్‌ఫ్రారెడ్ యంత్రమూ అదే మాట అంది. స్పిరిటూ, కూలెంటూ రెండూ ఆ జాతే. స్పిరిటేమో అని వేడి చేసి చూసింది. ఆవిరి కాకుండా చిక్కగా మిగిలింది. అయితే కూలెంటే. రెండింట్లో ఏది?

ఎన్ఎంఆర్ గదిలో ఆపరేటరు పెద్దాయన అడగకుండానే వేరే నమూనా తీసేసి చోటిచ్చాడు. అణువులోని హైడ్రోజన్లు ఎలాంటి చోట ఉన్నాయో ఆ యంత్రం గీతలుగా చూపిస్తుంది. హాని లేని రకంలో మిథైల్ అనే పరమాణువుల గుంపు ఉంటుంది. దాని గీతలు తెర మీద కుడివైపు లేస్తాయి. విషంలో అది ఉండదు.

ఆవిడ చూపంతా కుడివైపే. ‘లేవాలి, లేవాలి’ అనుకుంటూ చీరకొంగు పిడికిట్లో నలిపేసింది.

కూలెంటులో కలిపిన నీళ్ళ గీత వచ్చింది. మధ్యలో ఒక్క గీత నిటారుగా నిలబడింది. కుడివైపు ఏమీ లేదు, చదునుగా ఉంది. అంటే విషమే.

“మళ్ళీ తీద్దామా మేడం?” అన్నాడు పెద్దాయన మెల్లగా.

తప్పయితే అన్న భయం ఒకవైపు, ఆలస్యమైతే అన్న భయం ఇంకోవైపు. రెండోదే గెలిచింది.

“ముందు ఫోను ఇవ్వండి,” అంది. డాక్టరుతో, “ఇథిలీన్ గ్లైకాలే. పూచీ నాది. తెప్పించండి,” అని చెప్పి ఫోను పెట్టేసింది.

ఆ తరవాతే, ల్యాబులోని అసలు ఇథిలీన్ గ్లైకాలుతో పోలుస్తూ రెండోసారి తీసింది. గీత సరిగ్గా అదే చోట లేచింది.

విరుగుడు వేళకే అందింది. అయినా కొన్నాళ్ళు మరిదికి డయాలసిస్ తప్పలేదు. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు మునుపటిలా లేవని డాక్టరు దాచకుండా చెప్పాడు. మాట తిన్నగా వచ్చిన రోజున అతనన్న మొదటి మాట:

“తియ్యగా ఉంది వదినా. ఎవరో గ్లూకోజు కలిపారనుకున్నా.”

“నోరు ముయ్యరా!” అని కసిరి, వరండాలోకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పటికీ అతను ఫోను చేస్తే ‘హలో’ అనకముందే “కాళ్ళకి వాపేమన్నా ఉందా?” అని అడుగుతుంది. అతను నవ్వేస్తాడు. ఆవిడకు మాత్రం జవాబు వినేదాకా ఊపిరాడదు.